ఇంటి పెట్టెలోంచి అచ్చు ఫారం దాకా: తచ్చూరు అన్నదమ్ములు, ఎట్టయపురం దీక్షితులు

కర్ణాటక సంగీతాన్ని స్వరాలతో సహా అచ్చువేయడం తెలుగు లిపిలోనే మొదలైంది. 1859లో వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహము’ వెలువడింది. అచ్చయిన తొలి కర్ణాటక సంగీత గ్రంథంగా పండితులు దీన్నే చెబుతారు. అప్పటికి మద్రాసులో తెలుగు అచ్చుకూటాలు వేళ్లూనుకుంటున్నాయి. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లోనే ముద్రణలోకి దిగారు. పురాణాలు, ప్రబంధాలు, శతకాలు, నిఘంటువులు వరసగా పుస్తకాలవుతున్నాయి. వాటి పక్కన సంగీతం మాత్రం చాలాకాలం వెనకబడే ఉంది. పద్యాన్ని చూసి చదువుకోవచ్చు, రాగాన్ని చూసి పాడుకోలేరన్న నమ్మకం బలంగా ఉండటమే అందుకు కారణం. ఆ నమ్మకాన్ని కదిలించిన పని ప్రధానంగా రెండు కుటుంబాల నుంచి వచ్చింది. ఒకటి మద్రాసులోని తచ్చూరు అన్నదమ్ములది. రెండోది మద్రాసుకు చాలా దూరంగా, తిరునెల్వేలి సీమలోని ఎట్టయపురం సంస్థానాన్ని ఆశ్రయించుకున్న దీక్షితులది.

ఐరోపాలో ఇదే పని వ్యాపారంగా పెరిగింది. లైప్‌జిగ్‌లో బ్రైట్‌కోఫ్ కుటుంబం 1719లో అచ్చుకూటం పెట్టింది. ఆ ఇంటి కొడుకు యోహాన్ గాట్‌లోబ్ ఇమాన్యుయెల్ 1750లలో స్వరాల ముక్కలను విడివిడిగా పోతపోసి, వాటిని పేర్చి సంగీతాన్ని అచ్చొత్తే పద్ధతిని బాగుచేశాడు. మిలాన్‌లో జొవాన్నీ రికార్డీ అనే లేఖకుడు నాటకశాలలకు సంగీతం నకళ్లు రాసిపెట్టి బతికేవాడు. అతను లైప్‌జిగ్ వెళ్లి పని నేర్చుకుని వచ్చి 1808లో సొంత సంస్థ తెరిచాడు. అతని తర్వాత కొడుకు టీటో, మనవడు జూలియో, మునిమనవడు రెండో టీటో దాన్ని నడిపారు. వెర్దీ, పుచ్చీనీ ఒపేరాల్లో ఎక్కువ భాగం లోకానికి అందింది ఆ ఇంటి ద్వారానే. అక్కడ వాగ్గేయకారుడు ఒకడు, అచ్చువేసే కుటుంబం వేరొకటి. ఇద్దరి మధ్యా ఒప్పందాలు, సొమ్ము, హక్కులు ఉండేవి. దక్షిణదేశంలో కీర్తన రాసినవారి వంశమూ శిష్యులూ దాన్ని కాపాడేవారు. కాగితానికి ఎక్కించాలంటే ముందు వారి చేతుల్లోంచి బయటికి రావాలి.

అలా రావడం తేలిక కాదు. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతులు గురువుగారి కృతులను స్వరాలతో సహా తాళపత్రాల మీదా కాగితాల మీదా రాసి పెట్టుకున్నారు. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు వాటిని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ రాతప్రతులు ఇవాళ మధురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఇలాంటి ప్రతి ఇంట్లో ఉండటమే ఆ ఇంటికి పరువు, శిష్యులు వెతుక్కుంటూ రావడానికి కారణం. గురువు ఒక కీర్తనలో ఒక సంగతి చెప్పాలంటే శిష్యుడు ఏళ్ల తరబడి ఇంటి చాకిరీ చేసిన రోజులవి. అలాంటప్పుడు రూపాయో రెండో పెట్టి కొనుక్కునే పుస్తకంలో అదంతా దొరికితే గురుకులం ఏమైపోతుందన్న భయం విద్వాంసుల్లో ఉండటం సహజమే. ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ భయంతోనే ఎన్నో కీర్తనలు వాటిని పాడినవారితో పాటే పోయాయన్నదీ నిజం.

తచ్చూరు సింగరాచార్యులు, ఆయన తమ్ముడు చిన్న సింగరాచార్యులు ఈ కట్టుబాటును ఎదిరించారనడం కన్నా, పాఠం చెప్పే పద్ధతిని పుస్తకానికి తెచ్చారనడం సరిగ్గా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో మద్రాసు వారి నివాసం. పుస్తకాలన్నీ తెలుగులోనే. ‘స్వరమంజరి’, ‘గాయక పారిజాతము’, ‘సంగీత కళానిధి’, ‘గాయక లోచనము’, ‘గాయక సిద్ధాంజనము’, ‘గానేందు శేఖరము’ అని ఒకదాని తర్వాత ఒకటి, మెట్టు మెట్టుగా వచ్చాయి. ‘సంగీత కళానిధి’ 1889 నాటిది. ‘గాయక లోచనము’ 1902లో, ‘గాయక సిద్ధాంజనము’ రెండో భాగం 1905లో, ‘గానేందు శేఖరము’ 1912లో వచ్చాయి. దశాబ్దాల పాటు ఒకే ఇంటి పేరు మీద స్వరాల పుస్తకాలు వరసగా రావడం తెలుగు అచ్చు చరిత్రలో అంతకు ముందు లేదు. కుటుంబం నడిపిన సంగీత ప్రచురణ అని తెలుగువారు వేలుపెట్టి చూపగలిగేది ఇదే.

సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, కృతులు అనే క్రమం పురందరదాసు నాటిదని సంప్రదాయం చెబుతుంది. నోటిపాఠంగా వచ్చిన ఆ మెట్లను అచ్చులో స్థిరపరచినవారిలో ముందుగా చెప్పుకోవలసింది తచ్చూరు అన్నదమ్ములనే. పల్లెటూళ్లో గురువు దొరకని పిల్లవాడికి పుస్తకం పూర్తిగా గురువు కాలేదు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం తెలిసింది. పాఠం ఎక్కడ ఆగిందో తండ్రి చూసి చెప్పగలిగాడు. సంగీతం ఒక వర్గం ఇళ్లనూ ఆస్థానాలనూ దాటి మధ్యతరగతి ముంగిట్లోకి రావడంలో ఈ చిన్న సౌకర్యం చేసిన మేలు చాలా పెద్దది. రావలసినంత పేరు ఆ అన్నదమ్ములకు రాలేదు.

తెలుగు లిపి ఈ పనికి ఎంత అనువైందో చూడాలంటే ఒక్క సరళీ వరుస చాలు. ఆదితాళంలో మొదటి వరుసను ‘స రి గ మ | ప ద | ని స ||’ అని వేస్తారు. నిలువు గీత దగ్గర లఘువు ముగిసి ద్రుతం మొదలవుతుంది, జంట గీత దగ్గర ఆవర్తం పూర్తవుతుంది. చివరి ‘స’ నెత్తిన చుక్క పెడితే అది తారస్థాయి, కింద పెడితే మంద్రం. హ్రస్వంగా ‘స’ అని ఉంటే ఒక అక్షరకాలం, దీర్ఘంగా ‘సా’ అని ఉంటే రెండు. పైన అడ్డగీత గీస్తే వేగం రెట్టింపు. లిపిలో ఉన్న హ్రస్వదీర్ఘాలే కాలప్రమాణం చెబుతాయి కాబట్టి పాశ్చాత్య పద్ధతిలో లాగా అయిదు గీతల మెట్లు, వాటి మీద నల్లగుండ్లు, తోకలు అక్కర్లేదు. సాహిత్యం కింది వరుసలో, స్వరానికి అక్షరం ఎదురెదురుగా కూర్చుంటుంది. కృతులెక్కువ తెలుగులోనో సంస్కృతంలోనో ఉండటం, వాటిలోని వర్గాక్షరాలన్నిటికీ తెలుగు లిపిలో వేరు వేరు గుర్తులుండటం మరో వసతి. తమిళ, కన్నడ విద్వాంసులు సైతం ఈ పుస్తకాలు కొని వాడుకోవడానికి కారణం ఇదే.

అచ్చుకూటంలో కష్టం వేరే ఉంది. చేతి కూర్పు రోజుల్లో తెలుగుకు అసలే వందల పోత అక్షరాలు కావాలి. తలకట్లు, గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. సరిగ్గా ఆ పైనా కిందా ఉన్న ఖాళీలోనే స్థాయి చుక్కలూ వేగపు గీతలూ పట్టాలి. కంపోజిటర్ చెయ్యి ఒక్క చుక్క తప్పితే స్వరం స్థాయి మారిపోతుంది. మామూలు పుస్తకంలో అచ్చుతప్పును పాఠకుడు అర్థం చూసి సర్దుకుంటాడు. స్వరలిపిలో తప్పు తప్పుగానే పాఠమై శిష్యుల నోళ్లలో పడుతుంది. కాబట్టి ప్రూఫు దిద్దేవాడికి పాడటం కూడా వచ్చి ఉండాలి. స్వరాల పుస్తకాలు విద్వాంసుల ఇళ్ల నుంచే రావడానికి ఇదొక బలమైన కారణం.

ఇంత చేసినా ఆ కాలపు స్వరలిపి చూపించింది రాగపు ఎముకల గూటినే. తోడిలో గాంధారం, భైరవిలో నిషాదం ఎలా ఊగాలో ‘గ’, ‘ని’ అన్న అక్షరాలు చెప్పవు. ఆ ఊపే గమకం, ఆ గమకమే రాగం. దాన్ని కాగితం మీదికి తేవడానికి పూనుకున్నది దీక్షితుల ఇల్లు.

ఆ ఇంటి కథ రామస్వామి దీక్షితులతో మొదలవుతుంది. ఆయన 1735లో పుట్టి 1817లో పోయారు. చతుర్దండీ ప్రకాశిక రాసిన వెంకటమఖి పరంపరకు చెందిన వెంకట వైద్యనాథ దీక్షితుల దగ్గర శాస్త్రం నేర్చుకున్నారు. మాతృరాగాలైన డెబ్బై రెండు మేళాలు, వాటి లక్షణ గీతాలు అలా ఈ ఇంటికి చేరాయి. తిరువారూరులో స్థిరపడ్డ రామస్వామి దీక్షితులు మద్రాసు దగ్గరి మణలి జమీందారు ముద్దుకృష్ణ మొదలియారు, ఆయన కుమారుడు వెంకటకృష్ణ మొదలియారు ఆదరణలో కొన్నేళ్లు గడిపారు. సెయింట్ జార్జి కోట బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలను ఆయన కొడుకులు విన్నది అక్కడే. పెద్దవాడు ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. బ్రిటిషు రాజగీతం మెట్టు కూడా వాటిలో ఉంది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ పట్టి కర్ణాటక సంగీతానికి దాన్ని అలవాటు చేశారు. తర్వాత బాలుస్వామి ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులయ్యారు. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడే ఉంది.

బాలుస్వామి తన కూతురి కొడుకును దత్తత తీసుకున్నారు. ఆ పిల్లవాడే సుబ్బరామ దీక్షితులు. 1839లో తిరువారూరులో పుట్టి, తాత దగ్గరే వీణా గాత్రమూ నేర్చి, చిన్నవయసులోనే ఎట్టయపురం ఆస్థానంలో కుదురుకున్నారు. తాతల నాటి లక్షణ గీతాలు, తానాలు, కృతులు అన్నీ ఆయన చేతికి వచ్చాయి. ఆ నిధిని ఆయన ఎంతో కాలం గుప్తంగానే ఉంచుకున్నారు.

దాన్ని బయటికి రప్పించిన మనిషి సంగీతమే వృత్తిగా ఉన్నవాడు కాదు. ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు ఎం.ఏ. చదివి మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేసిన క్రైస్తవుడు. పాశ్చాత్య సంగీతంలో మంచి ప్రవేశం ఉన్నవారు. కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలోకి మారిస్తే ప్రపంచమంతా చదువుకుంటుందన్నది ఆయన పట్టుదల. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల దగ్గర కూర్చుని త్యాగరాజ కృతులు రాసుకున్నారు. 1893లో ఆ ఫలితాన్ని ఇంగ్లీషులో ప్రచురించారు. దీక్షితుల కృతులకు సాధికార పాఠం కావలసి వచ్చినప్పుడు ఆయనకు కనిపించిన దారి సుబ్బరామ దీక్షితులే. ఈ పనికి మొదలియారు ఆరోగ్యాన్నీ డబ్బునూ కూడా ధారపోశారు. తన పాశ్చాత్య స్వరలిపి ప్రయత్నం సాగదని తేలాక, సుబ్బరామ దీక్షితులకు తెలిసిందంతా తెలుగులో అచ్చువేయించమని ఎట్టయపురం రాజాను వేడుకున్నారు. ఇది గొప్ప మనసు. తన పద్ధతి నెగ్గకపోయినా సంగీతం మిగలాలని కోరుకున్న మనిషి ఆయన. అచ్చు చరిత్రలో ఇలాంటివారి పేర్లు పుస్తకం ముందుమాటలోనే ఉండిపోతాయి.

రాజా ఆజ్ఞ వచ్చాక సుబ్బరామ దీక్షితులు వెనకాడలేదు. ఎట్టయపురం ఎట్టప్ప వంశం వారు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులు. చుట్టూ తమిళదేశం, ఆస్థాన సంగీతం భాష తెలుగు. సంస్థానానికి విద్యావిలాసినీ ముద్రాక్షరశాల అని సొంత అచ్చుకూటం ఉంది. తెలుగు సంగీత గ్రంథాల్లో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా కష్టమైనది అలా కృష్ణా గోదావరులకు వందల మైళ్ల దూరంలో, ఒక చిన్న సంస్థానపు ఊళ్లో అచ్చయింది. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో పూర్తయింది. రెండు సంపుటాలు, దాదాపు 1700 పుటలు. కూర్పరుల పేర్లు లోకానికి తెలియవు. ఆ పుటలు చూసినవారికి వాళ్ల చేతిపని ఎంతటిదో తెలుస్తుంది.

గ్రంథం మొదట్లో డెబ్బైకి పైగా సంగీత విద్వాంసుల, లక్షణకారుల చరిత్రలు ఉంటాయి. శార్ఙ్గదేవుడి నుంచి సుబ్బరామ దీక్షితుల దాకా వచ్చే ఆ వరుస చరిత్రకారులకు నేటికీ మొదటి ఆధారం. తర్వాత లక్షణ భాగం. అసలు భాగం మేళాలది. వెంకటమఖి సంప్రదాయం ప్రకారం కనకాంబరితో మొదలై రసమంజరితో ముగిసే డెబ్బై రెండు రాగాంగాలు (మేళరాగాలు), వాటి జన్యాలు. త్యాగరాజ సంప్రదాయంలో ఆ మొదటి మేళం పేరు కనకాంగి. ప్రతి రాగానికీ లక్షణ శ్లోకం, గీతం, ఉన్నచోట తానం, దీక్షితుల కృతి, చివర సుబ్బరామ దీక్షితులే కూర్చిన సంచారి వస్తాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండు వందలకు మించి ఉన్నాయి. రామస్వామి దీక్షితులు నూట ఎనిమిది రాగతాళాల్లో రచించిన మహా రాగమాలికలో ఇవాళ దొరుకుతున్న భాగం కూడా ఈ పుస్తకం పుణ్యమే. ఇంటి పెట్టెలోనే ఉండి ఉంటే అదీ పోయేది.

దీని ప్రత్యేకత స్వరాల మీద కూర్చున్న గుర్తుల్లో ఉంది. సుబ్బరామ దీక్షితులు గమకాలకు ఒక్కొక్కదానికి ఒక్కో చిహ్నం ఏర్పాటు చేశారు. కంపితానికి నీటి అల లాంటి వంకర గీత. స్ఫురితానికి త్రికోణంగా మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే తలకిందులుగా. రవకు కొండకొమ్ములాంటి చిన్న గుర్తు. జారు ఎక్కేటప్పుడు ఎడమ కింది నుంచి కుడి పైకి వాలిన గీత, దిగేటప్పుడు దానికి ఎదురుగీత. నొక్కు, ఖండింపు, వళి, ఒరికలకు వేరే వేరే గుర్తులు. ఒక్కొక్కటీ వీణ మీద ఏ వేలు ఏ మెట్టు దగ్గర ఏం చేయాలో చెప్పి వివరించారు. నొక్కు అంటే ఏమిటో మాటల్లో చెప్పడం కష్టం, తీగను ఎలా లాగాలో చెబితే చెయ్యి నేర్చుకుంటుంది. దీక్షితుల ఇల్లు తరతరాలుగా వైణికుల ఇల్లు కావడం వల్లే ఈ వివరణ సాధ్యమైంది. ఒకే ‘గ’ మీద అల గీతా, పక్కనే జారు గీతా, పైన వేగపు గీతా, స్థాయి చుక్కా ఉన్న పుట విప్పితే, గురువు గొంతులో ఎంత భాగాన్ని కాగితం మోయగలదో అంతా మోయించాలన్న తపన కనిపిస్తుంది.

1904లోనే హిందుస్తానీ సంగీత పండితుడు విష్ణు నారాయణ భాత్ఖండే బొంబాయి నుంచి దక్షిణదేశం తిరుగుతూ ఎట్టయపురం వచ్చి సుబ్బరామ దీక్షితులను కలిశారు. చతుర్దండీ ప్రకాశిక పాఠం భాత్ఖండేకు ఇక్కడే చేతికందింది. హిందుస్తానీ రాగాలను పది థాట్‌లుగా వర్గీకరించడంలో మేళపద్ధతి ఆయనకు తోడ్పడింది. ఆ ఊరివాడే అయిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి కూడా ఆ ఏళ్లలో కొంతకాలం రాజా కొలువులో ఉన్నారు. 1905లో సుబ్బరామ దీక్షితులు పిల్లల కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితుల పాశ్చాత్య బాణీల రచనలు అందులో చోటుచేసుకున్నాయి. మరుసటి ఏడు, 1906లో, సుబ్బరామ దీక్షితులు మరణించారు. భారతి ఆయన మీద తమిళంలో స్మృతి పద్యాలు రాశారు.

‘ప్రదర్శిని’ తర్వాత ఎట్టయపురంలో ఆ స్థాయి సంగీత గ్రంథం మళ్లీ అచ్చుకాలేదు. రికార్డీల ఇంట్లో లాగా కొడుకు పగ్గాలందుకునే సంస్థ అక్కడ లేదు. రాజా ఆదరణ, ఒక విద్వాంసుడి జీవితకాలపు జ్ఞానం, ఒక అభిమాని పట్టుదల ఒక్కసారి కలిసినప్పుడు పుట్టిన పుస్తకం అది. సుబ్బరామ దీక్షితుల కుమారుడు అంబి దీక్షితులు అచ్చు జోలికి పోకుండా పాఠం చెప్పారు. మద్రాసు వచ్చి టి.ఎల్. వెంకటరామ అయ్యరు లాంటి శిష్యులకు కృతులు నేర్పి, 1936లో కాలం చేశారు. ఇంతలో సంగీత ప్రచురణ తమిళ లిపి వైపు మళ్లింది. 1908లో నరసింహ భాగవతుల త్యాగరాజ కీర్తనల సంకలనం తెలుగు లిపిలోనే వచ్చినా, మద్రాసులో కె.వి. శ్రీనివాస అయ్యంగారు ‘త్యాగరాజ హృదయం’ తమిళంలో తెచ్చారు. పాడేవారూ వినేవారూ ఎక్కువమంది తమిళులైన చోట కొనేవారి లిపిలోనే పుస్తకం నడవడం సహజం. తెలుగు కృతులకు తెలుగు లిపి పుస్తకాలు తగ్గిపోవడంలో ఎవరి కుట్రా లేదు, తెలుగు నేల మీద సంగీత ప్రచురణను కుటుంబ వృత్తిగా చేపట్టి నిలబెట్టినవారు చాలినంతమంది లేకపోవడమే ఉంది.

‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ చాలా ఏళ్లు పాత ప్రతులుగానే చేతులు మారింది. మద్రాసు సంగీత అకాడమీ 1961లో మొదలుపెట్టి 1983 నాటికి అయిదు సంపుటాల్లో తమిళ లిపి ప్రతిని పూర్తిచేసింది. తెలుగు మూలాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1970లలో హైదరాబాదు నుంచి పునర్ముద్రించింది. తర్వాత ఇంగ్లీషు అనువాదం అంతర్జాలంలోకి వచ్చింది. మద్రాసులో వీణ నేర్చుకునే విద్యార్థికైనా, మస్కట్ పక్క మబేలాలో ఉంటున్న తెలుగు ఇంటి పిల్లకైనా ఆ గమకాల గుర్తులు ఇప్పుడు ఒకే తెర మీద దొరుకుతాయి. పుస్తకం దొరికాక కొత్త చర్చలూ మొదలయ్యాయి. కచేరీల్లో స్థిరపడ్డ కొన్ని దీక్షితుల కృతుల పాఠం ఈ గ్రంథంలోని పాఠంతో కలవదు. కొన్ని రాగాల రూపురేఖలే వేరుగా కనిపిస్తాయి. శిష్యపరంపరలో మారుతూ వచ్చిందాన్ని పాడాలా, సుబ్బరామ దీక్షితులు అచ్చొత్తించిందాన్ని పాడాలా అని విద్వాంసులు సభల్లో వాదించుకుంటున్నారు. కొందరు పుస్తకాన్నే పట్టుకుని పాత రూపాలను మళ్లీ వేదిక ఎక్కిస్తున్నారు.